పాత విలాసపు కారు: కొనుట చవుక, పోషించుట ప్రియము

కొంతకాలముగా మన సంఘకార్యాలయమునకు వచ్చు సభ్యులు ఒక క్రొత్త ప్రశ్న నడుగుచున్నారు. పూర్వము ఎరువుల ధర, విత్తనముల నాణ్యము, పంపుసెట్టు మరమ్మతు, బోరులోని నీటిమట్టము, ఇవియే మా ముందుకు వచ్చు ప్రశ్నలు. ఇప్పుడు కొందరు సెల్‌ఫోనులో ఒక బొమ్మను చూపి, "అయ్యా, ఈ కారు క్రొత్తదిగా నున్నప్పుడు 60 లక్షలట. ఇప్పుడు 9 లక్షలకే యిచ్చెదరట. కొనవచ్చునా?" అని యడుగుచున్నారు.

ఇట్లడుగువారిని మేము తక్కువగా చూచుటలేదు. రోడ్డునకో కాలువకో భూమి నిచ్చి పరిహారము పుచ్చుకొన్నవారు కొందరు. మిరపకు మంచి ధర పలికిన యేట నాలుగు రూకలు మిగుల్చుకొన్నవారు కొందరు. పట్టణమున నుద్యోగము చేయు కుమారుని కోరిక తీర్పదలచినవారు మరికొందరు. జీవితమంతయు ఎండలోను వానలోను కష్టించినవాడు ఒక మంచి కారులో కూర్చుండి బంధువుల యింటి పెండ్లికి పోవలెనని కోరుట తప్పు కాదు. లెక్క చూడకుండ కొనుటయే తప్పు. ఆ లెక్కను సభ్యుల యెదుట నుంచుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఒక సభ్యుని యనుభవము

మన సభ్యులలో నొకరికి జరిగిన సంగతిని ముందుగా చెప్పెదము. వారి యనుమతి గైకొనియే వ్రాయుచున్నాము. వారి పేరుగాని, కారు పేరుగాని, అమ్మినవారి పేరుగాని యిచ్చట నక్కరలేదు.

వారు 5 లక్షల డిపాజిట్టును గడువునకు ముందే తీసికొనిరి. మరి 4 లక్షలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిరి. నగరములోని యొక పాత కార్ల దుకాణమున ఒక్క మధ్యాహ్నములో బేరము ముగించి, సాయంకాలమునకు కారును ఇంటికి దోలుకొనివచ్చిరి. అయిదు నెలలు కారు హాయిగా నడచెను. ఊరిలోని పిల్లలందరు దానిలో నెక్కిరి. ఆరవ నెలలో ముందుపలకపై నొక యెఱ్ఱదీపము వెలిగెను. మన పట్టణపు మెకానిక్కు చూచి, ఇది కంప్యూటరు పెట్టి చూడవలసిన పని, మా వలన కాదనెను. నగరమునకు తీసికొనిపోగా గేరుపెట్టె మరమ్మతునకు లక్షా 60 వేలైనది. ఎనిమిదవ నెలలో పెండ్లినుండి తిరిగి వచ్చుచుండగా ఇంజనులో సుత్తితో కొట్టినట్లు చప్పుడు పుట్టి, కారు దారిలో నిలిచిపోయెను. దానిని లారీపై నెక్కించి నగరమునకు చేర్చిరి. ఇంజను మార్చుటకు వారు వ్రాసియిచ్చిన అంచనా కారుకొన్న ధరను మించియుండెను.

ఆ కారిప్పుడు పశువుల కొట్టము ప్రక్కన టార్పాలిను క్రింద నున్నది. కోళ్లు దానిపై నెక్కి కూర్చుండుచున్నవి. అప్పునకు నెలకు 8 వేల వడ్డీ మాత్రము నడచుచునే యున్నది. ఆ సభ్యుడు మాతో నిట్లనెను: "ఎద్దును కొనుటకు మూడు సంతలు తిరిగితిని. పళ్లు చూచితిని, నడక చూచితిని, కాడి కట్టి దున్నించి చూచితిని. దానికి పదిరెట్ల ధరపెట్టి కారును మాత్రము ఒక్క పూటలో కొంటిని."

ఈ మాటను సభ్యులు జ్ఞాపకముంచుకొనవలెను. ఆయన తెలివి లేనివాడు కాడు. ఎద్దు సంగతి ఆయనకు తెలియును, కారు సంగతి తెలియదు. అంతియే భేదము.

ధర యేల పడిపోవును?

60 లక్షల వస్తువు 9 లక్షలకు వచ్చెననగా 51 లక్షలు లాభము వచ్చినట్లు తోచును. ఈ భ్రమయే అన్ని నష్టములకు మూలము. ధర పడిపోవుటకు కారణములు తెలిసినచో భ్రమ తొలగును.

మొదటి కారణము: క్రొత్త కారుకు తయారుచేసినవారు కొన్ని సంవత్సరముల హామీ నిత్తురు. ఆ కాలమున ఏ భాగము చెడినను ఖర్చు వారిది. హామీ ముగిసిన మరునాటినుండి ఖర్చు యజమానునిది. తొలి యజమాను డీ సంగతి నెఱిగినవాడు గనుక హామీ ముగియు వేళకు కారు నమ్మివేయును. రెండవ కారణము: ఇట్టి కారు కొనగల ధనవంతునకు క్రొత్తదానిపైనే మక్కువ. పాతదానిని కొనువారు తక్కువ, అమ్మువారు ఎక్కువ. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. కారు ధర తగ్గినను దాని భాగముల ధర తగ్గదు. ఆ బ్రేకు, ఆ గేరుపెట్టె, ఆ దీపము 60 లక్షల కారునకై చేయబడినవి. పదేండ్ల తరువాతను వాని వెల 60 లక్షల కారునకు తగినట్లే యుండును. కారును 9 లక్షలకు కొన్నవాడు 60 లక్షల కారు యజమానుడు పెట్టవలసిన ఖర్చునే పెట్టవలెను.

సంతలో మేలైన ఎద్దు సగము ధరకు వచ్చినచో రైతు సంతోషించునా? ముందుగా సందేహించును. దానికేమి రోగమో యని నాలుగు ప్రక్కల చూచును. కారు విషయమునను అదే బుద్ధి యుండవలెను. చవుకదనము అదృష్టము కాదు. రాబోవు ఖర్చును లోకము ముందే లెక్కించి ధరలో తగ్గించినదని గ్రహింపవలెను.

బహుమానము పొందిన ఇంజను కథ

దీనికి ప్రపంచమున పేరుపొందిన యుదాహరణమొకటి కలదు. జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. వారు 2005వ సంవత్సరమునుండి 2010 వరకు ఎం5 అను కారును పది సిలిండర్ల ఇంజనుతో నమ్మిరి. చూచుటకు సాధారణమైన నాలుగు తలుపుల కారు. లోపల 5 లీటర్ల ఇంజను, 507 అశ్వశక్తి. ఆనాడు వారు ఫార్ములా వన్ పందెములలో పాల్గొనుచుండిరి. ఆ పందెపు కార్లకును పది సిలిండర్ల ఇంజనులే యుండెను గనుక, వాని పోలికగా దీనిని నిర్మించిరి. నిమిషమునకు 8 వేల చుట్లకు పైగా తిరుగగల ఈ ఇంజనుకు 2005, 2006 సంవత్సరములలో వరుసగా రెండుమార్లు అంతర్జాతీయ ఉత్తమ ఇంజను బహుమాన మిచ్చిరి.

అమెరికాలో ఇది క్రొత్తదిగా నున్నప్పుడు 80 వేల డాలర్లకు పైగా పలికెను. తరువాతి కాలమున అందులో నాలుగవవంతుకు అటునిటుగా దొరకసాగెను. అంత శక్తి అంత చవుకకు మరెక్కడను దొరకదని ఆ దేశములలోని యువకులు అనేకులు కొనిరి. కొన్న పిదప మూడు నాలుగు సంగతులు వారి యనుభవమునకు వచ్చెను.

పిస్టనును క్రాంకు షాఫ్టునకు కలుపు కనెక్టింగు రాడ్డు బేరింగులు ఈ ఇంజనులో త్వరగా నరుగును. లక్ష కిలోమీటర్లు నిండకముందే అరిగిపోయిన యుదాహరణములు పెక్కు గలవు. అందుచేత తెలిసిన యజమానులు చెడువరకు ఆగక, ముందుగానే ఇంజనును అడుగునుండి విప్పించి బేరింగులు మార్పింతురు. అట్లు మార్పింపనివారికి ఒకనాడు ఇంజను కొట్టుకొనుట ప్రారంభించి, క్రాంకు షాఫ్టుతో సహా పాడగును. మన మెకానిక్కుల భాషలో "ఇంజను బోరుకు వచ్చినది" అనుటకంటెను ఇది విషమస్థితి.

ఇంజనునకు గాలి నిచ్చు ద్వారములను తెరచి మూయుటకు రెండు విద్యుద్యంత్రములు గలవు. వానిలోని చిన్న పండ్లచక్రములు అరిగినచో కారు శక్తి కోల్పోయి మెల్లగా ఈడ్చుకొనిపోవును. గేరుపెట్టె ఏడు గేర్లది. కాలితో క్లచ్చి త్రొక్కు పనిలేకుండ నూనె ఒత్తిడితో పంపు ఒకటి గేర్లు మార్చును. ఆ పంపు చెడినచో గేరు పడదు. నూనెకూడ సామాన్యమైనది కాదు. 10డబ్ల్యు-60 అను ప్రత్యేకపు నూనె 9 లీటర్లకు పైగా పట్టును. పెట్రోలు సంగతి చూడబోయిన, తయారుచేసినవారు ప్రకటించిన లెక్కలోనే 100 కిలోమీటర్లకు 14.8 లీటర్లు, అనగా లీటరుకు 7 కిలోమీటర్లైనను రాదు.

ఇచ్చట నేర్చుకొనదగినది ఒకటున్నది. ఉత్తమమైన ఇంజను వేరు, చిరకాలము మన్ను ఇంజను వేరు. బహుమాన మిచ్చినవారు దాని శక్తిని, నేర్పును చూచిరి. పదేండ్ల తరువాత మూడవ యజమానుని చేతిలో దాని గతి యేమగునో చూచుట వారి పని కాదు. పందెపు గుఱ్ఱము గొప్పదే. కాని దానిని పోషించుటకు పందెపు గుఱ్ఱముల సాహిణి, దాణా, వైద్యుడు కావలెను.

మన దేశమందలి కార్లు

ఎం5 వంటివి మన పల్లెలలో కానరావు. మన సభ్యులకు దళారులు చూపునవి సాధారణముగా బి.ఎం.డబ్ల్యు., మెర్సిడెస్ బెంజ్, ఆడి, జాగ్వార్ కార్లు. బి.ఎం.డబ్ల్యు. వారు 2007లో చెన్నై సమీపమున కార్లు కూర్చు కర్మాగారమును తెరచిన పిదప వారి కార్లు దక్షిణదేశమున విరివియైనవి. ఇవి చెడ్డ కార్లు కావు. ఐనను ఒక్కొక్క కాలపు ఒక్కొక్క నమూనాకు దాని దాని బలహీనత యున్నది.

బి.ఎం.డబ్ల్యు. వారి 520డి అను డీజిలు కారులో 2007నుండి కొన్ని సంవత్సరములు వాడిన ఇంజనునకు టైమింగు చైను వెనుకభాగమున, గేరుపెట్టె వైపున అమర్చబడినది. ఆ చైను సాగి తెగిన యుదాహరణములు పెక్కు దేశములలో కలిగినవి. చైను వెల సంగతి యటుండ, అది ఇంజను వెనుక నుండుటచే దానిని మార్చుటకు ఇంజనునో గేరుపెట్టెనో క్రిందికి దింపవలెను. కూలియే వస్తువుకంటె ఎక్కువగును. చైను తెగినచో ఇంజను లోపలి వాల్వులు పిస్టన్లకు తగిలి విరుగును.

మెర్సిడెస్ వారు 2002లో విడుదలచేసిన ఇ-క్లాస్ కారులో బ్రేకును విద్యుత్తుతో పనిచేయించు క్రొత్త యేర్పాటు చేసిరి. దానిలో లోపములు కనబడగా 2004, 2005 సంవత్సరములలో లక్షలకొలది కార్లను వెనుకకు పిలిపించి సరిచేసిరి. 2006లో ఇ-క్లాసులో ఆ యేర్పాటునే మానివేసి పాతపద్ధతికి మరలిరి. ఆ మధ్యకాలపు కారు నేడును ఎవరివద్దనైన చవుకగా దొరకవచ్చును. గాలితిత్తులపై నిలుచు కార్లు వేరొక రకము. వీనికి కమానుపట్టీలకు బదులు రబ్బరు తిత్తులలో గాలి నింపబడియుండును. ప్రయాణము పూలపడవవలె నుండును. కాని రబ్బరు తిరిగినను తిరుగకున్నను పాతబడును. తిత్తికి చిల్లి పడినచో గాలియంత్రము విరామములేక పనిచేసి అదియు చెడును. ఉదయమున లేచి చూచువరకు కారు ఒక ప్రక్కకు కూలబడియుండును.

ట్రాక్టరు పాతదైనను ఎందుకు నడచును?

"పాత ట్రాక్టర్లను కొనుటలేదా? అవి నడచుటలేదా?" యని కొందరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మన మండలములో 15 ఏండ్ల ట్రాక్టర్లు దున్నుచునే యున్నవి.

కారణములు రెండు. మొదటిది, ట్రాక్టరు ఇంజను 45 అశ్వశక్తి కలదై నిమిషమునకు సుమారు 2 వేల చుట్లు తిరుగును. నిదానముగా తిరుగునది నిదానముగా నరుగును. రెండవది ఇంకను ముఖ్యమైనది. ట్రాక్టరు చెడినచో దాని భాగము మండలకేంద్రమున దొరకును. దానిని విప్పి బిగింపగల మెకానిక్కు ప్రక్క యూరిలో నున్నాడు. అతని గురువును, గురువు గురువును అదే పని చేసిరి. చెడినది ఉదయమైన, సాయంకాలమునకు పొలములో నుండును. కావున యంత్రమునకు నమ్మకము యంత్రములో మాత్రమే లేదు. దానిచుట్టు నున్న మనుష్యులలోను, దుకాణములలోను, తెలివిలోను ఉన్నది. నగరపు విలాసపు కారు మన యూరికి వచ్చునప్పుడు ఆ పరివారము దానితో రాదు. అది యొంటరిగా వచ్చును.

పల్లెదారులును దానికి హితములు కావు. దాని టైర్ల ప్రక్కగోడలు సన్నము. గుంతలో పడినచో టైరుతోపాటు రిమ్మును వంగును. ముందుటైర్లు ఒక కొలత, వెనుకవి వేరొక కొలత గల కార్లలో వానిని అటునిటు మార్చుకొనుటకు వీలులేదు. కొన్నిటికి స్టెప్నీయే యుండదు. డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టు జల్లెడ యొకటి యుండును. కారు పెద్దరోడ్డుపై కొంతసేపు నిలకడగా వేగముగా పోయినప్పుడే ఆ మసి కాలిపోవును. ఇంటినుండి మండలకేంద్రమునకు, అచ్చటినుండి ఇంటికి తిరుగు కారులో మసి పేరుకొని జల్లెడ మూసికొనిపోవును. పెట్రోలు కార్లకు మరియొక చిక్కు. 2025 నాటికి మన దేశమున నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలు విరివిగా అమ్మబడుచున్నది. పదేండ్ల క్రిందటి కార్లు అనేకము దీనికై చేయబడినవి కావు. కారు పుస్తకమున ఎంతవరకు ఇథనాలు సరిపడునని వ్రాయబడినదో చూచుకొనవలెను.

లెక్క

ఇక లెక్కకు వత్తము. అప్పు లేకుండ సొంతరొఖ్ఖముతోనే 9 లక్షలకు కొన్నారనుకొందము. ఆ సొమ్ము నూటికి ఏటికి 7 చొప్పున డిపాజిట్టులో నున్నచో ఏటికి 63 వేలు వచ్చును. అది పోయినది. ఏటికి 10 వేల కిలోమీటర్లు, లీటరుకు 8 కిలోమీటర్లు, లీటరు నూరు రూపాయలని తక్కువగానే వేసికొన్నను 1,250 లీటర్లకు లక్షా 25 వేలు. రెండును కలిపి లక్షా 88 వేలు. అనగా నెలకు 15,600 రూపాయలకు పైమాట. ఇందులో బీమా లేదు, టైర్లు లేవు, నూనె మార్పిడి లేదు, ఒక్క మరమ్మతైనను లేదు. కారు ఏమియు చెడకుండ నున్ననే ఈ ఖర్చు. ఇక ఒక్క గేరుపెట్టె చెడిన సంవత్సరమున లెక్క యేమగునో సభ్యులే వేసికొనవచ్చును.

బీమా యున్నదిగదా యని కొంద రనుకొందురు. కారు దేనికైనను గుద్దుకొన్నప్పుడు, దొంగలు పట్టుకొనిపోయినప్పుడు బీమా ఆదుకొనును. తనంతతాను అరిగి చెడిన యంత్రభాగములకు సాధారణ బీమా రూపాయియైనను ఈయదు. నీటిలో నిలిచిన కారును అట్లే నడపబోయి ఇంజను పాడుచేసికొన్నచో, దానికై ప్రత్యేకముగా ఎక్కువ రుసుము కట్టియున్ననే సొమ్ము వచ్చును.

కాగితముల చిక్కులు

చవుకగా వచ్చు కార్లలో పెక్కు పరరాష్ట్రములవి. ఢిల్లీ రాజధాని ప్రాంతమున 10 ఏండ్లు దాటిన డీజిలు వాహనములు తిరుగరాదని జాతీయ హరిత న్యాయస్థానము 2015లో ఉత్తరువు చేసెను. సుప్రీంకోర్టు 2018లో దానిని స్థిరపరచెను. 2025లో కొంత సడలింపు కలిగినను, ఈ నడుమ అచ్చటి కార్లు అనేకము దక్షిణమునకు దిగివచ్చినవి. అట్టి కారును మన రాష్ట్రమున 12 నెలలకు మించి యుంచుకొన్నచో ఇచ్చటి నంబరు తీసికొనవలెను. దానికి అచ్చటి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రము కావలెను. ఇచ్చట జీవితకాలపు పన్ను కట్టవలెను. పన్ను ఎంతయగునో రవాణా కార్యాలయమున ముందే కనుగొని, దానిని కారు ధరలో చేర్చి లెక్క చూచుకొనవలెను.

కారుపై నున్న ఫైనాన్సు అప్పు తీరినట్లు రిజిస్ట్రేషను పుస్తకమున కొట్టివేయబడినదో లేదో చూడవలెను. కొన్న 30 దినములలో పేరు మార్పునకు దరఖాస్తు చేయవలెను. బీమాను 14 దినములలో తమ పేరున మార్పించుకొనవలెను. రిజిస్ట్రేషను 15 ఏండ్లకే. 12 ఏండ్ల కారును కొన్నవారికి మూడేండ్లలోనే కారును తనిఖీకి చూపి పునరుద్ధరణ చేసికొను పని పడును.

కొనియే తీరవలెనను వారికి

ఇంత చెప్పినను కొనదలచువారుందురు. వారికి మా సలహాలివి.

1. చల్లని ఇంజనును చూడుడు. మీరు వచ్చునని తెలిసి ముందే ఇంజనును వేడిచేసియుంచినచో చప్పుళ్లు అణగియుండును. బానెటుపై చేయిపెట్టి చూచి, వెచ్చగా నున్నచో మరునాడు ఉదయము మరల రండు.

2. సర్వీసు పుస్తకము నడుగుడు. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల వద్ద ఏమి చేసిరో బిల్లులుండవలెను. కిలోమీటర్ల అంకెలను వెనుకకు త్రిప్పుట నేడు కష్టము కాదు. బిల్లులలోని అంకెలును ముందుపలకపై అంకెయు వరుసగా నున్నవో లేవో సరిచూడుడు. పుస్తకము లేని కారును వదలుడు.

3. ఆ జాతి కార్లనే పని చేయు మెకానిక్కును కూలి యిచ్చి తీసికొనిపొండు. అమ్మువాని మెకానిక్కు వలదు. కంప్యూటరు తగిలించి లోపముల జాబితా తీయింపుడు. జాబితా మిక్కిలి శుభ్రముగా నుండి, నిన్ననే చెరపివేసినట్లు కనబడినచో అనుమానింపుడు. కారును ఎత్తి అడుగుభాగము చూడుడు.

4. వరదలో మునిగిన కారేమో పరీక్షింపుడు. 2015లోను 2023లోను చెన్నైలో, 2024 సెప్టెంబరులో విజయవాడలో కార్లెన్నియో నీట మునిగినవి. అట్టివి తుడిచి మెఱుగుపెట్టి వేరొకచోట నమ్ముదురు. సీటు బెల్టును చివరివరకు లాగి మురికిగీత యున్నదేమో చూడుడు. సీట్ల క్రింది ఇనుమునకు త్రుప్పు, డిక్కీ అడుగున ఒండు, మూసిన కారులో ముక్కవాసన, ఇవి గుర్తులు.

5. ఆ నమూనాకు సహజముగా చెడు మూడు భాగము లేవో కనుగొని, వాని వెలను, కూలిని నగరములో ఇద్దరివద్ద వ్రాయించి తెచ్చుకొనుడు. ఆ మొత్తమును కారు ధరకు కలిపి, అదియే నిజమైన ధర యని యెంచుడు.

6. కారు ధరలో సగమునకు తక్కువ కాని సొమ్మును వేరుగా డిపాజిట్టులో నుంచినవారే కొనవలెను. ఆ సొమ్ము మరమ్మతులకు. అది లేనివారికి ఆ కారు చవుక కాదు.

7. వడ్డీకి తెచ్చిన సొమ్ముతో కొనవలదు. ఈ యొక్క మాటను వినినను చాలును.

సంఘము చేయగలది

సహకారసంఘములలో మొదటినుండియు ఋణములను రెండు తెగలుగా చూచుట కలదు. పంట పెంచి తన్ను తాను తీర్చుకొను ఋణ మొకటి, ఇంటిలో ఖర్చై పొలముమీద పడు ఋణము రెండవది. ఎద్దు, బోరు, ట్రాక్టరు మొదటి తెగలోనివి. విలాసపు కారు రెండవ తెగలోనిది. దానికి సంఘము అప్పీయదు, ఈయరాదు. సభ్యుని డిపాజిట్టు సభ్యునిదే గనుక దానిని తీసికొనకుండ మేము ఆపజాలము. కాని తీసికొనుటకు ముందు ఒక్క గంట మాతో కూర్చుండి లెక్క వేసికొనుడని కోరుచున్నాము.

గత సంక్రాంతికి ముందు మరియొక సభ్యుడు అట్లే వచ్చి కూర్చుండిరి. భూమిపరిహారపు సొమ్ము చేతనుండెను. కుమారుని వివాహము నిశ్చయమైయుండెను. మేము వారితో నగరమునకు పోయితిమి. మెకానిక్కు వెంటవచ్చెను. ఉదయము ఎనిమిది గంటలకు పోగా అప్పటికే కారు వెచ్చగా నుండెను. మరునాటి ఉదయము మరల వత్తుమనగా, అమ్మువాడు సాయంకాలములోపల బయానా యీయనిచో కారు పోవుననెను. "పోనిండు" అని మన సభ్యుడు లేచి వచ్చెను. మూడు వారముల తరువాతను ఆ కారు అచ్చటనే యుండెనని మెకానిక్కు చెప్పెను.

పెండ్లికి వారు అదే రకపు కారును రెండు దినములకు బాడుగకు తెచ్చిరి. డ్రైవరు, పెట్రోలు, పూలమాలలు అన్నియు కలిపి ఖర్చు వేలలోనే తేలెను. పెండ్లికుమారు డందులో ఊరేగెను. మూడవనాడు కారు తిరిగిపోయెను. తరువాత వారు మన మండలములోనే బాగుచేయించుకొనదగిన చిన్న కారొకటి, ఒక్క యజమానుని చేతిలోనే నడచినది, సర్వీసు పుస్తకముతో సహా 4 లక్షలకు కొనిరి. మిగిలిన సొమ్ముతో ఆరు ఎకరములకు బిందుసేద్యపు గొట్టములు వేయించిరి. ఆ చిన్న కారులోనే మొన్నటి సంఘ సర్వసభ్యసమావేశమునకు వచ్చి, తొలుత చెప్పిన సభ్యుని ప్రక్కన కూర్చుండిరి. తిరిగి పోవునప్పుడు ఆయనను ఇంటివరకు దింపి వెళ్లిరి.